హస్త దాటిన 20 నిమిషాలు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. తత్త్వశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆచార్యులు ఈ పూట మనతో ఉన్నారు. ప్రేమ, ధర్మం, విధి వంటి విషయాల్లో మీ మనసును వేధిస్తున్న ప్రశ్నలను ఆయనను అడగవచ్చు. మొదటి ఫోన్ రాజమహేంద్రవరం నుంచి వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మాస్టారూ. పేరు చెప్పలేను, మన్నించండి. నేను బడిలో లెక్కలు చెబుతాను. నాతో పనిచేసే ఒకాయన, నేను పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. రెండిళ్ళ పెద్దలూ సుముఖంగానే ఉన్నారు గానీ, ఆయన తల్లిగారు జాతకం చూడనిదే ముహూర్తం పెట్టనన్నారు. ఆయనది పుష్యమి, నాది చిత్త ఒకటో పాదం. మా సిద్ధాంతిగారు పొంతన చూసి, ఇద్దరి నక్షత్రాలూ మధ్యనాడి అనే ఒకే వర్గంలో పడ్డాయనీ, అది దోషమనీ, పైగా ఆయనది దేవగణం, నాది రాక్షస గణం అనీ, ఈ సంబంధం కుదరదనీ చెప్పేశారు. మరొకరు శాంతి చేయిస్తే చాలన్నారు. ఇంకొకరు అసలు దోషమే లేదన్నారు.

ఆచార్యులు: ముగ్గురిలో ఎవరి మాటా మీకు ధైర్యం ఇవ్వలేదన్నమాట.

శ్రోత: లేదండీ. ఇంతలో పెళ్ళి మాటలు నడుపుతున్న మధ్యవర్తి ఒక దారి చూపించారు. నేను పుట్టేసరికి హస్త వెళ్ళిపోయి 20 నిమిషాలే అయిందట. పుట్టిన సమయాన్ని ఒక అరగంట వెనక్కి జరిపి రాయిస్తే హస్త నాలుగో పాదం వస్తుంది, ఆదినాడి, దేవగణం అవుతాయి, రెండు దోషాలూ ఒక్క దెబ్బతో పోతాయి. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు కదా అని నాన్నగారు కూడా మెత్తబడ్డారు. అలా చేయడం తప్పా? చేస్తే మా కాపురం బాగుంటుందా? ఎవరైనా ఖాయంగా ఒక మాట చెబితే బాగుండునని నిద్ర పట్టడం లేదు.

ఆచార్యులు: అమ్మా, ఇందులో రెండు ప్రశ్నలు కలగలిసిపోయాయి. ముందు మీ భయం సంగతి చూద్దాం. నక్షత్రాలు 27, నాడులు మూడు, నాడికి తొమ్మిదేసి నక్షత్రాలు. మీరు లెక్కల టీచరు కనుక మీకే తెలుస్తుంది, జాతకాలు చూడకుండా జతపడిన దంపతులను లెక్కపెడితే సుమారు ప్రతి మూడు జంటల్లో ఒక జంటది ఏకనాడే అవుతుంది. వాళ్ళందరి కాపురాలూ కూలిపోయి ఉంటే ఆ సంగతి ఊరికి తెలియకుండా ఉండదు. అయినా పొంతన చూసే 36 గుణాల పట్టికలో నాడికి అన్నిటికంటే ఎక్కువగా 8, గణానికి 6 ఇచ్చారు కనుక, ఆ రెండూ పోయాయంటే పెద్దవాళ్ళు బెదరడం సహజమే. ఆ తల్లిగారిని నేను తక్కువ చేయను. కొడుకు క్షేమం కోసం తనకు తెలిసిన దారిలో ఆమె వెతుకుతున్నారు.

శ్రోత: నాడి ఒకటైతే పుట్టబోయే పిల్లలకు ప్రమాదమంటారు. ఆమె భయమంతా అదేనండీ.

ఆచార్యులు: పిల్లల గురించే అయితే దానికి రక్తపరీక్ష ఉంది. తలసీమియా, సికిల్ సెల్ వంటి జబ్బుల జన్యువు దంపతులిద్దరిలోనూ ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. పెళ్ళికి ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే ఆ సంగతి తేలిపోతుంది. ఆమె భయాన్ని గౌరవించినట్టూ ఉంటుంది, నిజంగా పనికొచ్చే పనీ అవుతుంది. ఇక మీ నక్షత్రం సంగతి. పూర్వ పద్ధతిలో గణించిన పంచాంగానికీ, ఆకాశంలో కనబడే గ్రహస్థితికి సరిపోయేలా గణించే దృక్ పంచాంగానికీ నక్షత్రం ముగిసే వేళలో తేడా వస్తుంది. మీది రెండు నక్షత్రాల సంధిలో జరిగిన పుట్టుక కనుక, ఒక పంచాంగంలో చిత్త అయినది మరొకదానిలో హస్త కావచ్చు.

శ్రోత: అయితే హస్త అని రాసుకోవచ్చా మాస్టారూ?

ఆచార్యులు: తొందరపడకండి. రెండు పంచాంగాలు చూసి, ఉన్న సమయానికి ఉన్నదున్నట్టుగా రెండు లెక్కలూ వాళ్ళ ముందు పెట్టడం వేరు, కావలసిన నక్షత్రం కోసం పుట్టిన సమయాన్నే దిద్దడం వేరు. మొదటిది చర్చ, రెండోది మోసం. మీరు జాతకాన్ని నమ్మేవారైతే కాగితం మీద అంకె దిద్దినంత మాత్రాన చంద్రుడు వెనక్కి నడవడు, మీరు భయపడుతున్న దోషం ఎక్కడికీ పోదు. నమ్మనివారైతే ఆ దిద్దుబాటు అవసరం మీకు లేనే లేదు. అది కేవలం నమ్మే మరొకరి కళ్ళు కప్పడానికే పనికొస్తుంది.

శ్రోత: సావిత్రి కూడా ఏడాదిలో భర్త చనిపోతాడని తెలిసి, అత్తమామలకు ఆ మాట చెప్పలేదు కదండీ?

ఆచార్యులు: మంచి ప్రశ్న వేశారు, దీనికి దాటవేయకుండా జవాబు చెప్పాలి. భారతం అరణ్యపర్వంలో నారదుడు సావిత్రి తండ్రి అశ్వపతి సభలో, ఆమె ఎదుటే, సత్యవంతుడికి ఏడాదే ఆయుష్షు ఉందని చెప్పాడు. మీరు కోరుకుంటున్న ఖాయమైన మాట అంటే అదే, లోకంలో ఎవరికీ దొరకనంత ఖాయం. అయినా ఆ మాట ఆమె నిర్ణయాన్ని తీసుకోలేదు, ఆమే తీసుకుంది. ఆ తరువాత అత్తవారింట మౌనంగా ఉన్న మాట నిజమే. కానీ మామగారు ద్యుమత్సేనుడు తన కొడుకు ఆయుష్షు ఎంత అని కోడలిని అడగలేదు, ఆమె ఏ అబద్ధమూ చెప్పి ఆ ఇంట అడుగు పెట్టలేదు. నష్టమేదైనా వస్తే పడేది తానేనని తెలిసి ఆ భయాన్ని తానొక్కతే మోసింది. మీ విషయంలో ఆ తల్లి అడిగారు. మీ జవాబును బట్టే ఆమె సరే అనబోతున్నారు. ఆ జవాబే కల్పితమైతే ఆమె ఇచ్చిన సమ్మతికి విలువ ఏముంది? ఇంతకీ, ఈ అరగంట సంగతి ఆయనకు తెలుసా?

శ్రోత: తెలియదండీ. ఆయనకు జాతకాల మీద నమ్మకం లేదు. అనవసరంగా బాధపడతారని చెప్పలేదు.

ఆచార్యులు: నా దృష్టిలో నాడీదోషం కంటే ఇది చాలా పెద్ద విషయం. రేపు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఉద్యోగంలో చిక్కొచ్చినా, ఆ దిద్దిన కాగితం మీ ఒక్కరికే గుర్తుకొస్తుంది. నావల్లే జరిగిందేమోనన్న అనుమానం భర్తకు కూడా చెప్పుకోలేని అనుమానంగా మిగిలిపోతుంది. ప్రేమ నిలుస్తుందని ముందుగా హామీ ఇవ్వగల పంచాంగం లేదు, నేనూ ఇవ్వలేను. ఆయన ఎలాంటి మనిషో మాత్రం మీకు ఈ వారంలోనే కొంత తెలుస్తుంది, ఉన్న మాట ఆయనతో చెబితే.

శ్రోత: వాళ్ళమ్మగారు వద్దంటేనో?

ఆచార్యులు: అనవచ్చు. ఆ అవకాశం లేదని చెప్పి మిమ్మల్ని ఊరడించను. కాదనే హక్కు ఆమెకు ఉన్నట్టే, ఆమె కాదన్నా మీతో నిలబడే హక్కు ఆయనకూ ఉంది. మేజర్లయిన ఇద్దరి పెళ్ళికి 1955 నాటి హిందూ వివాహ చట్టం పొంతన అడగదు. కాకపోతే ఆ నిర్ణయం ఆయన కళ్ళు తెరుచుకుని తీసుకోవాలి, మీరు తెర వెనక తీసుకోకూడదు.

వ్యాఖ్యాత: అమ్మా, ఇంకేమైనా అడగాలా?

శ్రోత: ఒక్కటేనండీ. ముందు నాన్నగారితో మాట్లాడాలా, ఆయనతోనా? కాగితం నాన్నగారి దగ్గరే ఉంది, శుక్రవారం పంపుతామన్నారు.

ఆచార్యులు: ముందు ఆయనతో మాట్లాడండి. తరువాత ఇద్దరూ కలిసి నాన్నగారి దగ్గర కూర్చోండి. శుక్రవారం లోపే ఆ పని కావాలి, ఎందుకంటే కాగితం గడప దాటాక దిద్దింది మధ్యవర్తే అని ఎంత చెప్పినా వాళ్ళు దాన్ని మీ మాటగానే తీసుకుంటారు.

శ్రోత: సరేనండీ. ఈ సాయంత్రమే చెబుతాను.