బయాప్సీ రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుంది?

శ్రోతలకు నమస్కారం. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాక రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులు ఇంటిల్లిపాదికీ భారమే. మైక్రోస్కోపులో చూడ్డానికి ఇన్ని రోజులెందుకని చాలామంది అడుగుతారు. చాలా కేసుల్లో చూడ్డానికి పట్టేది కొద్దిసేపే. ఆ ముక్కను చూడదగ్గ స్థితికి తేవడమే పెద్ద పని.

శరీరం నుంచి వేరుపడగానే కణజాలం పాడవడం మొదలవుతుంది. కణంలోని ఎంజైములే కణాన్ని కరిగించేస్తాయి. దాన్ని ఆపేది ఫార్మలిన్ అనే ద్రవం. ల్యాబులో మేం వాడేది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. అందులో ఫార్మాల్డిహైడ్ 4 శాతం దాకా ఉంటుంది. ముక్క పరిమాణానికి కనీసం 10 రెట్లు ద్రవం ఉండాలి, 20 రెట్లుంటే ఇంకా మంచిది. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పెద్ద అవయవాన్ని ఇరుకు మూతి సీసాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ పోస్తారు. ఫార్మలిన్ గంటకు మహా అయితే ఒక మిల్లీమీటరు లోపలికి ఇంకుతుంది. పైభాగం గట్టిపడుతుంది, నడిమి భాగం కుళ్లిపోతుంది. సెలైన్‌లో వేసి పంపినా అంతే, సెలైన్ కుళ్లును ఆపదు. ఇంకొకటి: క్షయ అనుమానంతో కల్చర్, అంటే క్రిములను పెంచి చూసే పరీక్ష, కూడా చేయాలంటే ఒక ముక్కను విడిగా, ఫార్మలిన్ తగలకుండా పంపాలి. ఫార్మలిన్ సూక్ష్మక్రిములను చంపేస్తుంది, ఇక కల్చర్‌లో ఏమీ పెరగదు.

రొమ్ము క్యాన్సర్ ముక్క విషయంలో మరీ పట్టింపు ఉండాలి. తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటలు నానాలి. ఈ నియమం తప్పితే, క్యాన్సర్ కణాల్లో హార్మోన్లను పట్టుకునే ప్రొటీన్లు, అంటే హార్మోన్ రిసెప్టర్లు, ఉన్నా లేనట్టు కనిపించవచ్చు. అప్పుడు పనిచేయగల మందు ఆ మనిషికి అందకుండా పోతుంది. అందుకే ముక్క తీసిన సమయమూ, ఫార్మలిన్‌లో వేసిన సమయమూ కాగితంమీద రాసి పంపమని పదేపదే అడుగుతాం.

ల్యాబుకు చేరాక మొదట సీసామీది పేరునీ నంబరునీ కాగితంతో సరిచూస్తాం. పేరు మూతమీద కాదు, సీసామీదే ఉండాలి, మూతలు మారిపోతాయి. తర్వాతది గ్రాసింగ్, అంటే ముక్కను కంటితో పరిశీలించి కోసే పని. బోధనాసుపత్రుల్లో పీజీ విద్యార్థులు సీనియర్ల పర్యవేక్షణలో ముక్కను కొలిచి, అంచులకు ఇంకు పూసి, 3, 4 మిల్లీమీటర్ల మందం మించకుండా కోసి క్యాసెట్లనే చిన్న ప్లాస్టిక్ డబ్బీల్లో పెడతారు. ఇంకు ఎందుకంటే, క్యాన్సర్ కోసిన అంచుదాకా వచ్చిందా లేదా అన్నది రేపు స్లైడుమీద ఆ రంగే చెబుతుంది. రాత్రంతా యంత్రంలో ఆల్కహాలు నీటిని లాగేస్తుంది, జైలీన్ అనే ద్రావకం ఆల్కహాలును తీసేస్తుంది, కరిగిన మైనం లోపలికి చేరుతుంది. ఎముక అయితే ముందు ఆమ్లంలో సున్నం కరగాలి, దానికే కొన్ని రోజులు పోతాయి.

మైనపు దిమ్మలో ముక్కను నిలబెట్టే తీరు చాలా ముఖ్యం. చర్మాన్ని బోర్లా పడుకోబెడితే పై పొర నుంచి కింది పొరదాకా ఒకే కోతలో కనిపించదు. పుట్టుమచ్చ క్యాన్సర్ ఎంత లోతుకు దిగిందో కొలవలేం. ఆ దిమ్మను మైక్రోటోమ్ అనే కోత యంత్రంమీద 3, 4 మైక్రాన్ల పొరలుగా కోస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. పొరల రిబ్బను గోరువెచ్చని నీటిమీద తేలుతూ ముడతలు విప్పుకుంటుంది, దాన్ని స్లైడుమీదికి ఎత్తుకుంటారు. నాకు అన్నిటికంటే భయం పుట్టించే చోటు ఆ నీళ్ల తొట్టే. ముందు కేసు తునక ఒకటి నీటిమీద మిగిలి తర్వాతి మనిషి స్లైడుకు అంటుకుంటే, లేని క్యాన్సర్ ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని ప్రతి దిమ్మ తర్వాతా కాగితంతో నీటి పైభాగాన్ని తుడవాల్సిందే. ఈ పనిని శ్రద్ధగా చేసే టెక్నీషియన్ పేరు రిపోర్టులో ఉండదు గానీ, ఆ రిపోర్టుమీద నమ్మకంలో సగం ఆయనదే.

చివరగా రంగులు. హెమటాక్సిలిన్‌తో కేంద్రకాలు నీలంగా, ఇయోసిన్‌తో మిగతా భాగం గులాబీగా మారతాయి. అనుమానం మిగిలితే, యాంటీబాడీలతో కణాల్లోని ప్రొటీన్లను గుర్తించే ఇమ్యునో పరీక్షలకు మరికొంత సమయం పడుతుంది.

సీసాను ల్యాబుకు తీసుకెళ్లే పని మీకే అప్పగిస్తే పేరు, మూత బిగువు, ముక్క పూర్తిగా మునిగిందా అన్నవి చూసుకోండి. ఫ్రీజర్‌లో పెట్టకండి. రెండో అభిప్రాయం కావాలంటే రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు; స్లైడులతో పాటు మైనపు దిమ్మ కూడా అడగండి. ల్యాబులు వాటిని ఏళ్ల తరబడి భద్రపరుస్తాయి, దిమ్మలో కణజాలం మిగిలి ఉంటే కొత్త పొరలు కోసి కొత్త పరీక్షలు చేయవచ్చు.