నేత్రాణి పడవ ఎక్కే ముందు మన డ్యామ్ కట్ట మీద

నమస్తే అన్నలూ, అక్కలూ. కర్నూలు, అనంతపురం, కడప... మన జిల్లాలకు సముద్రం లేదు. అందుకే నేత్రాణి దీవికి పోయొచ్చిన మనోళ్లు చాలామంది "ఏవో గద్దలు ఎగిరినాయి" అని ఊరుకుంటారు. ఆ "ఏవో" ఏందో ఈరోజు తేల్చుకుందాం.

నేత్రాణి కర్ణాటకలో ఉంది, మురుడేశ్వర్ తీరం నుంచి సుమారు 19 కిలోమీటర్లు. వానాకాలంలో పోయే పనే పెట్టుకోవద్దు.

ముందు శ్రీశైలం వెనక నీళ్ల దగ్గరో, మైలవరం డ్యామ్ దగ్గరో ఒక పూట కూర్చోండి. నది టర్న్ అనే చేపలు పట్టే నీటి పక్షి కోసం చూడండి. పసుపు ముక్కు, నల్ల టోపీ, చీలిన తోక. ముక్కు కిందికి వంచి నీళ్లనే చూస్తూ ఎగురుతుంది, చేప కనపడితే నిట్టనిలువుగా పడుతుంది. గల్ కూడా నీటి పక్షే, కానీ దాని తీరు వేరు. ఒళ్లు బరువు, రెక్క వెడల్పు, నీళ్ల మీద బాతులాగా కూర్చుంటుంది. ఈ తేడా కంటికి పట్టిందంటే సముద్రం మీద సగం పని అయినట్టే. అక్కడ జుట్టు టర్న్‌లు (తల వెనక జుట్టు లేచి ఉండే టర్న్‌లు) కనపడితే ముక్కు చూడండి: పసుపైతే పెద్ద జుట్టు టర్న్, నారింజ రంగైతే చిన్న జుట్టు టర్న్.

ఇక నేత్రాణికి అసలు అందం తెల్లపొట్ట సముద్రపు గద్ద. దీన్ని గరుడపక్షి అనుకునేవాళ్లే ఎక్కువ, రెండింటికీ తల తెలుపే కాబట్టి. గరుడపక్షి ఒళ్లు ఇటుక రంగు. సముద్రపు గద్దకు వీపు బూడిద రంగు, పొట్ట పాల తెలుపు. కానీ ఎదురెండలో అన్నీ నల్లగానే కనపడతాయి, రంగును నమ్మొద్దు. రెక్కలు చూడండి. గాల్లో తేలేటప్పుడు గరుడపక్షి రెక్కలు బల్లపరుపుగా ఉంటాయి, సముద్రపు గద్ద పైకెత్తి పెడుతుంది.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10 రెట్లదైతే పడవ కుదుపును కూడా 10 రెట్లు చేస్తుంది. మోచేతులు పడవ కమ్మీ మీద ఆనించొద్దు, ఇంజను అదురు నేరుగా కళ్లలోకొస్తుంది. పక్కటెముకలకు ఆనించుకోండి. అద్దం మీద ఉప్పునీళ్లు పడితే చొక్కాతో తుడవొద్దు, ఆరిన ఉప్పు గీతలు పెడుతుంది. మంచినీళ్లు పోసి కడిగాకే మెత్తని గుడ్డ.

పొద్దున్నే ఉగ్గాని బజ్జీ వద్దండీ! నూనె కడుపులో తిప్పుతుంది. ఖాళీ కడుపూ వద్దు, రెండు ఇడ్లీలు తినండి. వాంతుల మాత్ర డాక్టరును అడిగి, ఎక్కడానికి గంట ముందే వేసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ సముద్రపు గద్ద గూడు పెట్టే కాలమూ పడవలు తిరిగే కాలమూ ఒకటే. అది పడవ మీద సుళ్లు తిరుగుతూ అరుస్తుంటే, మనం గూటికి మరీ దగ్గరికి పోయినట్టు. వెంటనే పడవను వెనక్కి తిప్పమనండి. తల్లి లేచిన గుడ్డు ఎండకు చెడుతుంది, కాకుల పాలవుతుంది. ఫొటో కోసం అంత పాపం వద్దు.

తిరుగు దారిలో టర్న్‌లు ఒకేచోట గుమిగూడి మునుగుతుంటే, కింద పెద్ద చేపలు చిన్నవాటిని పైకి తరుముతున్నట్టు. ఆ గుంపు అంచున నీళ్లు చూడండి. డాల్ఫిన్ వీపు రెక్క ఒకసారి కనపడిందా, మునిగిన చోటే చూస్తూ నిలబడొద్దు. అది పోయే దిక్కున కొంచెం ముందుకు కళ్లు పెట్టండి, అక్కడే లేస్తుంది.