గులాబీ పేజీలో మా నాన్న పేరు

(జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు ఒడిశాలోని రాయగడలో, తెలుగువాళ్ల హాలులో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకీ, ముందు వరసలో కూర్చున్న అమ్మలకీ, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకీ నమస్కారం. కార్యదర్శి గారు నాకు పావుగంట ఇచ్చారు. వేదిక మీది పేర్లన్నీ చదివితే అందులో సగం పోతుంది, అంచేత చదవను. ఎవరూ ఏమీ అనుకోకండి. అనుకున్నా భోజనాల దగ్గర నాలుగు మాటలు అనేసి వదిలేయండి.

నాకిచ్చిన అంశం ‘ఓటు విలువ’. కిందటేడు ఇదే అంశం మీద హెడ్మాస్టారు గారు మాట్లాడారు, అంతకుముందేడు డాక్టరు గారు. ఓటు అమ్ముకోకండి అని ఇద్దరూ చక్కగా చెప్పారు. ప్రతి జనవరి 25న మనం ఇక్కడ చేరి, అయిదువందల నోటు తీసుకున్న కూలివాణ్ణి తిట్టి, పులిహోర తిని ఇళ్లకి పోతున్నాం. ఆ నోటు అతని చేతికి వచ్చే ముందు ఎవరి చేతిలో ఉందని మాత్రం ఒక్క ఏడూ అడగలేదు. ఇవాళ ఆ సంగతే మాట్లాడతాను. నాకేం తెలుసని మాట్లాడుతున్నానంటే, ఆ దారిలో ఒకచోట నా చెయ్యి కూడా ఉంది.

ముప్పై నాలుగేళ్లు లెక్కలు రాసి బతికినవాణ్ణి నేను. 2014 ఎన్నికల్లో మన జిల్లాలో ఒక అసెంబ్లీ సీటుకి ఒక మాష్టారు నిలబడ్డారు. పేరు చెప్పను, చాలామందికి తెలిసే ఉంటుంది. ఆదివాసీ. కొండ మీద ఇరవై ఊళ్లలో ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. కువి, ఒడియా, తెలుగు మూడూ తడుముకోకుండా మాట్లాడేవారు. మన పిల్లలకి ఇప్పుడు తెలుగు బోర్డు చదవడం రావట్లేదు, ఆయనకి వచ్చేది. సరే, అది వేరే బాధ. ‘బాబూ, లెక్కలు నువ్వు చూడు’ అన్నారు. కాదనలేకపోయాను.

అభ్యర్థికి ఎన్నికల వాళ్లు ఒక రిజిస్టర్ ఇస్తారు. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ముగ్గురు. అందులో మూడు రంగుల పేజీలుంటాయి. తెల్లవి రోజువారీ ఖర్చుకి, గులాబీవి నగదుకి, పసుపువి బ్యాంకుకి. అప్పట్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 28 లక్షలు దాటకూడదు, ఇప్పుడది 40 లక్షలయింది. టీకి ఒక రేటు, టిఫినుకి ఒక రేటు, కుర్చీ అద్దెకి ఒక రేటు, జీపుకి రోజుకింత అని ముందే చీటీ ఇచ్చేస్తారు. మీటింగులకి వీడియో తీసేవాళ్లు వస్తారు. ఒకరోజు సంతలో మా మీటింగు. నేను అరవై కుర్చీలు రాశాను. వీడియోలో ఎనభై అయిదు లెక్క తేలాయి. ఆ పాతికా పక్కన పెళ్లివాళ్లవి మహాప్రభో, మనవాళ్లు లాక్కొచ్చి కూర్చున్నారు అంటే వినరు. చివరికి పెళ్లికూతురు తండ్రి చేత కాగితం రాయించుకొచ్చి ఇచ్చాను.

నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉండేది. కుర్చీకి కూడా లెక్కుంది ఈ దేశంలో అనుకున్నాను.

మార్చి నెలాఖరులో ఒక రాత్రి, పదకొండు దాటాక, ఒకాయన గుమస్తా సంచీ పట్టుకుని వచ్చాడు. క్రషర్లున్నాయి ఆయనకి, రోడ్డు కాంట్రాక్టులున్నాయి. ఇక్కడ ఒకమాట చెప్పాలి. మన జిల్లాలో రాయగడ, గుణుపూర్, బిస్సంకటక్ మూడూ ఆదివాసీలకి రిజర్వు చేసిన సీట్లు. కోరాపుట్ పార్లమెంటు సీటూ అంతే. కాబట్టి ఆదివాసీ కాని మిల్లు యజమాని గానీ, క్రషర్ యజమాని గానీ తాను నిలబడలేడు. నిలబడినవాడి వెనక నిలబడతాడు. సంచీలో ఆరు లక్షలు. ‘మా సారు ఏమీ అడగరు’ అన్నాడు గుమస్తా. ఏమీ అడగకుండా ఆరు లక్షలు నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు.

మాష్టారు చాలాసేపు మాట్లాడలేదు. బయట రెండు జీపులున్నాయి, డీజిలు బాకీ. పోస్టర్లు ప్రెస్సులో ఆగిపోయాయి. అవతలి వాళ్ల బళ్లు కొండ కింద బారులు తీరి ఉన్నాయి. ‘ఉంచు’ అన్నారు నాతో.

అప్పటి నిబంధన ఏమిటంటే, ఒకరి దగ్గర ఇరవై వేలు దాటి నగదు తీసుకోకూడదు, దాటితే చెక్కే. సంచీకి చెక్కు ఎక్కడ తెస్తాం? అంచేత ఆ రాత్రి కూర్చుని ముప్పై రెండు పేర్లు రాశాను. ఒక్కొక్కరూ పద్దెనిమిది వేల అయిదువందలు. మా బావమరిది, పాలు పోసే అతను, మా వీధి టైలరు, సంఘంలో సభ్యులు, ఇలా తోచినవాళ్లందరూ. పదహారు దాటాక పేర్లు తట్టడం మానేశాయి. పదిహేడో నంబరు మా నాన్న. మా నాన్న తుఫాను ఏడు, 1999లో పోయారు. పోయిన పదిహేనేళ్లకి అసెంబ్లీ ఎన్నికకి చందా ఇచ్చారు. మొత్తం 5,92,000. మిగతా ఎనిమిది వేలు పంక్చర్లకీ, పకోడీలకీ పోయాయి, అవి ఏ రంగు పేజీలోకీ ఎక్కలేదు.

నవ్వుతున్నారు. నవ్వండి. అంతా నిజమని ప్రమాణ పత్రం మీద మాష్టారు సంతకం పెట్టారు. పెట్టించింది నేను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, కార్యదర్శి గారు వాచీ చూడకండి. నేను చేసింది చిల్లర తప్పు. తప్పు కాదని అనడం లేదు, ముమ్మాటికీ తప్పే. కానీ నేను రాత్రిపూట తలుపేసుకుని చేసిన పనిని పగలు పార్లమెంటులో చట్టం చేసి చేశారు. 1957లో టాటా ఇనుము కంపెనీ పార్టీలకి చందాలిచ్చుకునే వీలు కావాలని బొంబాయి హైకోర్టుకి వెళ్లింది. అక్కడి ప్రధాన న్యాయమూర్తి చాగ్లా గారు సరేనంటూనే, ఇది పెరిగితే ప్రజాస్వామ్యం గొంతు నొక్కేస్తుందని హెచ్చరించారు. 1969లో ఇందిరా గాంధీ కంపెనీల చందాలే నిషేధించారు. చెక్కు ఆగింది, సూట్‌కేసు మొదలైంది. 1985లో రాజీవ్ గాంధీ హయాంలో మళ్లీ అనుమతించి, లాభంలో అయిదు శాతం మించకూడదన్నారు. 2013లో ఏడున్నర శాతం చేశారు. 2017లో ఆ హద్దే ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా 2024 దాకా ఎంతైనా ఇవ్వగలిగేది. నష్టాల్లో ఉన్నవాడు దానం ఎక్కణ్ణుంచి చేస్తాడు? గుమస్తాగా అడుగుతున్నాను. నేను లెక్కలు రాసిన మిల్లులో అలాంటి వోచరు వస్తే మా ఆడిటరు నా చెవి మెలేసేవాడు.

ఆ వెనకే 2018 జనవరిలో ఎలక్టోరల్ బాండ్లు. స్టేట్ బ్యాంకులో కొనడం, పార్టీకి ఇవ్వడం, పదిహేను రోజుల్లో జమ చేసుకోవడం. వెయ్యి నుంచి కోటి దాకా. బాండు మీద ఇచ్చినవాడి పేరుండదు. మామూలు కంటికి కనబడని నంబరు మాత్రం ఉంటుంది, అతినీల కాంతిలో పెడితే కనిపిస్తుంది. ఒక జర్నలిస్టు రెండు బాండ్లు కొని, ల్యాబులో పరీక్ష చేయించి బయటపెట్టింది. నాకు ఇది చదివినప్పుడు నా ముప్పై రెండు పేర్లు గుర్తొచ్చాయి. నేను అబద్ధం పేర్లు రాయడానికి రాత్రంతా మేలుకున్నాను, వీళ్లకి అసలు పేరు రాసే పనే లేదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేశారు. వివరాలివ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలంది బ్యాంకు. ఎన్నికలు అయిపోయాక అన్నమాట. కోర్టు ఒప్పుకోలేదు. తీరా బయటికొస్తే మొత్తం అమ్మిన బాండ్లు 16,518 కోట్లు. అందరికంటే ఎక్కువ కొన్నది లాటరీల కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. అందరికంటే ఎక్కువ దక్కింది బీజేపీకి, 6,000 కోట్ల పైమాట. మరి మన బిజూ జనతాదళ్? 700 కోట్లు దాటింది. ఒక్క రాష్ట్రం పార్టీకి! అటు సరిహద్దు దాటితే తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, బీఆర్ఎస్ ఎవరూ తక్కువ తినలేదు. నేను ఏ పార్టీవాణ్ణో వెతక్కండి.

అభ్యర్థికి 28 లక్షల కట్టడి అన్నాను కదా. పార్టీ పెట్టే ఖర్చుకి కట్టడే లేదు. 1974లో సుప్రీంకోర్టు పార్టీ ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందని తీర్పిస్తే, ఎక్కువ రోజులు ఆగకుండా చట్టం మార్చేశారు. అంచేత కుర్చీల గొడవంతా నాలాంటి గుమస్తాలకే. హెలికాప్టరులో పెద్ద నాయకుడు వస్తే అది పార్టీది, మా పేజీలోకి రాదు.

ఇంకొకటి చెప్పి మాష్టారి దగ్గరికి వెళ్తాను. మా పోలింగు ఏప్రిల్ 10. దానికి పదమూడు రోజుల ముందు, మార్చి 28న, ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పిచ్చింది. వేదాంత గ్రూపు కంపెనీల దగ్గర కాంగ్రెసూ బీజేపీ రెండూ తీసుకున్న చందాలు విదేశీ విరాళాల చట్టానికి విరుద్ధమని. వేదాంత ఎవరు? మన నియమగిరి అవతల లాంజిగఢ్‌లో రిఫైనరీ ఉన్నవాళ్లు. ఆ తీర్పు వార్త ఉన్న పేపరు మీదే కాగితాలు పరిచి నేను ముప్పై రెండు పేర్లు రాశాను. తర్వాత ఏమైంది? శత్రువుల్లా కొట్టుకునే ఆ రెండు పార్టీలూ సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 2016లో విదేశీ కంపెనీ అంటే ఏమిటో ఆ అర్థాన్నే, పాత చందాలు తప్పు కాకుండా, 2010 నుంచి వర్తించేటట్టు మార్చారు. అది చాలక 2018లో 1976 దాకా వెనక్కి జరిపారు. నా రిజిస్టరులో ఒక అంకె దిద్దితే కింద పొట్టి సంతకం పెట్టమంటారండీ!

చీటీ అందింది. అయిదు నిమిషాలు అని ఉంది. సరే.

మాష్టారికి డిపాజిట్ దక్కలేదు. మే 16న గెలిచినవాళ్ల ఊరేగింపులో ముందు జీపులో ఉన్నది సంచీ పంపిన పెద్దమనిషే, మెడలో బంతిపూల దండ. నన్ను చూసి చెయ్యూపారు. తర్వాత బజారులో కనిపిస్తే అడిగాను. ‘వాన ఏ చేను మీద పడుతుందో మనకేం తెలుసు గుమస్తా గారూ, అన్ని చోట్లా గింజలు జల్లాను’ అన్నారు. మొహమాటం లేదు, కోపం లేదు. ఇది కేవలం పెద్దలదే అనుకోకండి. ఈ హాల్లో మనం సగం మందిమి వ్యాపారస్తులం. అన్ని పార్టీల చందా రసీదులూ మన గల్లాపెట్టెలో పక్కపక్కనే ఉంటాయి. ఉంటాయా లేదా? అయితే తల ఊపండి. ఆ పైన ఫ్యాన్లు చూడండి. రెక్కల మీద ఇచ్చినవారి పేరు ఎర్ర రంగుతో రాసి ఉంది. తిరుగుతున్నంతసేపూ కనపడదు, కరెంటు పోతే కనిపిస్తుంది. ఆ పేరు ఆయనదో కాదో నేను చెప్పను. కార్యదర్శి గారికి టెన్షన్ పెట్టడం నా ఉద్దేశం కాదు.

రెండేళ్లు గడిచాయి. కొండ కింద ఒక ఊళ్లో రాయి క్వారీకి పల్లిసభ, అంటే ఊరంతా కూర్చుని ఒప్పుకోవాలో వద్దో తేల్చే సభ, పెట్టారు. మాష్టారిని నా బండి మీద తీసుకెళ్లాను. అంతకు మూడేళ్ల ముందు, 2013లో, నియమగిరి మీద బాక్సైటు తవ్వనివ్వాలా వద్దా అని పన్నెండు ఊళ్లలో జిల్లా జడ్జి ఎదురుగా సభలు పెడితే, ఏడు మన రాయగడవి, అయిదు కలహండివి, పన్నెండూ వద్దన్నాయి. ఆ రోజుల్లో ఈ ఊరి వాళ్లకి పల్లిసభ అంటే ఏమిటో, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో విడమరిచి చెప్పింది మాష్టారే. అందుకే అందరూ ఆయన మొహం చూశారు. చింతచెట్టు కింద కుర్చీ వేశారు ఆయనకి. ఆయన పుల్లతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. ‘ఆజ్ఞా, మీరేమంటారు’ అని ఒక ముసలమ్మ ఒడియా మర్యాదలో రెండుసార్లు అడిగింది. తలెత్తలేదు. సంచీ పెద్దమనిషి ఎదురుగా బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటున్నారు. ఆయన మాష్టారిని ఒక్క మాట కూడా అడగలేదు. గుమస్తా చెప్పింది నిజమే, ఏమీ అడగలేదు. కాగితం చుట్టూ తిరిగింది, వేలిముద్రలు పడ్డాయి.

వస్తుంటే దారిలో, బండి మీద నా భుజం పట్టుకుని అడిగారు. ‘బాబూ, ఆ ఆరులో ఏమైనా మిగిలిందా?’

‘లేదండీ, పోలింగుకి ముందే అయిపోయింది.’

‘తిరిగిచ్చేద్దామనుకున్నాను’ అన్నారు. ఊరు వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

ఆయన పోయి మూడేళ్లయింది. ఉండగా ఈ మాట నేను బయట అనేవాణ్ణి కాదు. ఇప్పుడు అంటున్నాను, ఎందుకంటే ఆ ముప్పై రెండు పేర్లలో పదకొండు మంది ఈ హాల్లో కూర్చుని ఉన్నారు. మీకు తెలీదు, మిమ్మల్ని అడక్కుండానే రాశాను. క్షమించమని అడగడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. రిజిస్టరు జెరాక్సు తెచ్చాను, ఇదిగో. జెరాక్సు కదా, గులాబీ రంగు రాలేదు. భోజనాలయ్యేదాకా ఆ బల్ల మీద ఉంటుంది. మీ పేరుందో లేదో చూసుకోండి. పేరున్నవాళ్లు నన్ను తిట్టాలంటే పులిహోర దగ్గరే ఉంటాను.