కోత మిషను మిగిల్చిన డబ్బు ఎవరి జేబులోకి?

హోస్ట్: నమస్కారం. పని తక్కువ మందితో, తొందరగా అయిపోతే ఊరు బాగుపడుతుందా? ఇవాళ్టి ఎపిసోడ్ దీని మీదే. కోనసీమలో కౌలు వ్యవసాయం చేసే మా బాబాయ్‌ని పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. బాబాయ్, మీ చేలో ఇంకా మనుషులు కోతలు కోస్తున్నారా?

బాబాయ్: చేను పడిపోయి మిషను దిగలేని ఏడు తప్ప లేదమ్మా. బురదైతే చైను మిషను, ఆరిన చేనైతే టైరు మిషను. ఎకరం గంట, గంటన్నర. మనుషులైతే ఎకరం కొయ్యడానికే పది మంది దాకా రోజంతా ఉండాలి. తర్వాత పనలు ఆరాలి, కట్టాలి, కుప్పెయ్యాలి, నూర్చాలి. ఈలోపు తుపాను పట్టిందంటే గింజ మొలకొచ్చేస్తుంది. మిషను వల్ల ముందు పోయింది ఆ భయం. ఖర్చు సంగతి ఆ తర్వాత.

హోస్ట్: కూలీలు దొరక్క మిషను తెచ్చామని రైతులంటారు. మిషను వచ్చి పని పోయిందని కూలీలంటారు. ఏది నిజం?

బాబాయ్: రెండూ నిజమే. 2011లో ఇక్కడ పంట విరామమని సార్వా, అదే వానాకాలం వరి, వెయ్యడం మానేశాం. ఎందుకు మానేశామో చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీ కూడా వేసింది. గిట్టుబాటు ధర లేదన్నాం, కూలీలు లేరన్నాం, ఉపాధి హామీని వ్యవసాయానికి కలపమన్నాం.

హోస్ట్: ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఉపాధి హామీ 2006లో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అందులో ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే కూలి. పొలంలో అలా ఇచ్చేవారా? పాత కూలికి మనుషులు దొరక్కపోవడాన్నే కొరత అన్నారేమో!

బాబాయ్: (నవ్వు) నువ్వు మీ పిన్నిలా మాట్లాడుతున్నావు. సరే, ఆడకూలి తక్కువే ఇచ్చాం. ఒప్పుకుంటాను. కానీ ధాన్యం రేటు పెరక్కుండా కూలి పెంచమంటే నేనెక్కడ తెచ్చేది?

హోస్ట్: కోతల్లో ఉన్నది ఎక్కువ ఆడవాళ్లే కదా. వాళ్లంతా ఏమయ్యారు?

బాబాయ్: కొందరు రొయ్యల ప్లాంట్లకి పోతున్నారు. కొందరు కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లల్లో పని చేస్తున్నారు. పాత పేటలో డాబా కనిపిస్తే చాలా వరకు అక్కణ్ణుంచి వచ్చిన డబ్బే. ఊళ్లోనే ఉండిపోయిన ముసలివాళ్లకే కష్టం. కోతల్లో గింజ కూలి వచ్చేది, పరిగె ఏరుకునేవారు. ఏడాదిలో కొన్నాళ్లకి తిండిగింజలు అలా ఇంట్లో పడేవి. మిషను ఆ దారి మూసేసింది. మిషను నడిపేవాడేమో ఎక్కడో పంజాబ్ కుర్రాడు.

హోస్ట్: నాకు అసలు అనుమానం ఇక్కడే. కూలి ఖర్చు తగ్గింది కదా. ఆ మిగులు మీ చేతికొచ్చిందా?

బాబాయ్: మొదట్లో వచ్చింది. తర్వాత కౌలు పెరిగింది.

హోస్ట్: మిషనుకీ కౌలుకీ ఏంటి సంబంధం?

బాబాయ్: ఇదివరకు మూడు, నాలుగెకరాలు మించి చెయ్యాలంటే మనుషుల్ని కూడగట్టలేక చచ్చేవాళ్లం. ఇప్పుడు ఫోన్ చేస్తే దున్నే ట్రాక్టరొస్తుంది, కోసే మిషనొస్తుంది. ఒక్కడే పదెకరాలు చేసెయ్యొచ్చు. అందుకని ఉన్న పొలం కోసం కౌల్దార్లమే పోటీ పడతాం. పొలం పెరగదుగా! కౌలు కింద ఇచ్చే ధాన్యం బస్తాలు పెంచుకుంటూ పోతాం. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. కౌలు రైతునని గుర్తించే కార్డు కావాలన్నా 2019 చట్టం ప్రకారం ఆయన సంతకం ఉండాలి. ఆయనతో తగువెక్కడ పెట్టుకుంటాం?

హోస్ట్: అంటే కూలీ నుంచి మిగిలింది మీ దగ్గర ఆగకుండా ఆసామికి చేరింది. మరి మిషనుని తిట్టి ఏం లాభం?

బాబాయ్: నేను తిట్టనమ్మా. కొడవలి పట్టి నడుము పోయినవాడెవడూ తిట్టడు.

హోస్ట్: ఈ దాళ్వాకి, అదే రెండో పంటకి, కౌలు తగ్గించమని అడిగారా?

బాబాయ్: అడిగాను. పక్కూరాయన రెండు బస్తాలు ఎక్కువిస్తానన్నాడట.