జాబ్ గ్రీన్‌లోనే ఉంది, మరి డేటా యాడుంది?

అందరికీ నమస్కారం. అనంతపురం ఎండలో, మధ్యాహ్నం రెండున్నరకు, అదీ అన్నం తిని వచ్చినోళ్లకు డేటా పైప్‌లైన్ల మానిటరింగ్ గురించి, అంటే డేటా ఒకచోటి నుంచి ఇంకోచోటికి సరిగ్గా పోతాందా లేదా అని కాపలా కాసేదాని గురించి చెప్పమంటే జోల పాడమన్నట్లే, అయినా ఒప్పుకున్నా, ఎందుకంటే ఈ విషయంలో నేను గట్టిగానే దెబ్బలు తిన్నోణ్ణి.

పైప్‌లైన్ అంటే ఏందో ఈ జిల్లా వాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. హెచ్చెల్సీ, అదే తుంగభద్ర ఎగువ కాలువ, చూడండి. హోస్పేట కాడ తుంగభద్ర డ్యామ్‌లో నీళ్లు వదుల్తారు, అవి కర్ణాటకలోనే నూరు కిలోమీటర్లకు పైగా పారి 105వ కిలోమీటర్ కాడ మన బోర్డర్ దాటతాయి, ఆన్నుంచి పీఏబీఆర్, ఎంపీఆర్ రిజర్వాయర్లకు పోతాయి. ఇన్ని క్యూసెక్కులు వదిలినామని డ్యామ్ కాడ చెప్తారు, అది అబద్ధం కాదు. మా మడికి చుక్క రాలేదు సార్ అని చివరాయకట్టు రైతు అంటాడు, అదీ అబద్ధం కాదు. మధ్యలో యాడికాడ గేజ్ పెట్టి కొలవకపోతే ఇద్దరూ తగవులాడుకుంటా ఉండాల్సిందే.

నాకు అయింది సరిగ్గా ఇదే. కొన్నేండ్ల కింద నేను చేసే చోట రాత్రిపూట ఒక జాబ్, అంటే తనంతట తానే నడిచే ప్రోగ్రామ్, నడిచేది, ఫోల్డర్‌లో వచ్చిన సేల్స్ ఫైళ్లు చదివి టేబుల్‌లో వేస్తాది, అంతే. ఫైళ్లు పంపేవాళ్లు పేరులో తేదీ రాసే పద్ధతి మార్చినారు, మాకు చెప్పలేదు. మా జాబ్ పాత పేరు కోసం వెతికింది, ఒక్క ఫైలూ దొరకలేదు, సున్నా వరుసలు చదివింది, సున్నా వరుసలు రాసింది, సక్సెస్ అని పచ్చరంగు ఏసుకుని పడుకునింది. మూడు రోజులు. నాలుగో రోజు ఒకాయన ఫోన్ చేసి "ఏమప్పా, సోమవారం నుంచి మీ రిపోర్ట్‌లో ఒకటే నంబర్ ఉందే" అంటే అప్పుడు తెల్సింది. మా సర్వర్‌కు మాత్రం సీపీయూ ఎంత, మెమరీ ఎంత, డిస్క్ ఎంత అని అన్నీ గ్రాఫులే, ఒక్కటీ పనికిరాలేదు.

అందుకే ఎవరు అడిగినా ముందు మూడు కొలతలే పెట్టమంటా. పైప్‌లైన్‌లో ప్రతి మెట్టులో లోపలికి ఎన్ని వరుసలు వచ్చినాయి, బయటికి ఎన్ని పోయినాయి, చివరి టేబుల్‌లో అన్నిటికన్నా కొత్త రికార్డ్ వయసెంత. సీపీయూ గ్రాఫులు తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు.

ఇంక టూల్ సంగతి. నేను వాడేది ప్రొమీథియస్, ఇట్లాంటి కొలతలన్నీ తీసుకుని దాచిపెట్టే సాఫ్ట్‌వేర్, 2012లో సౌండ్‌క్లౌడ్ అనే కంపెనీలో మొదలైంది, 2016లో కుబర్నెటీస్ తర్వాత రెండో ప్రాజెక్ట్‌గా సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థలో చేరింది. గ్రాఫ్ బొమ్మలు చూసుకోడానికి గ్రఫానా. ప్రొమీథియస్ పద్ధతి కరెంట్ మీటర్ రీడింగ్ తీసుకునేటోని మాదిరి, మనం పంపాల్సిన పనిలేదు, అదే ఇంటింటికీ వచ్చి చూసుకుని పోతాది, మనం ఏమీ మార్చకపోతే నిమిషానికి ఒకసారి. ఎప్పుడూ నడిచే సర్వీస్‌కు ఇది చక్కగా ఉంటాది. మన రాత్రి జాబ్ 40 సెకన్లలో అయిపోతాది కదా, మీటరోడు వచ్చేసరికి ఇంటికి తాళం.

దానికి పుష్‌గేట్‌వే అని ఒకటి ఉంది, జాబ్ పోతా పోతా తన లెక్కలు దాంట్లో పడేసి పోతాది, ప్రొమీథియస్ వచ్చి ఆడ తీసుకుంటాది. ఇక్కడే చానామంది బోర్లా పడతారు, కొంచెం ఇనండి. పుష్‌గేట్‌వే దేన్నీ మర్చిపోదు. మన జాబ్ ఈరోజు చచ్చిపోయినా నిన్న వేసిపోయిన నంబరే రేపూ చూపిస్తా ఉంటాది, గ్రాఫ్‌లో గీత నున్నగా పోతా ఉంటాది, చూసేవానికి అంతా బ్రహ్మాండం. కాబట్టి వరుసల లెక్కతో పాటు "చివరిసారి సక్సెస్ అయిన టైమ్" అనేది కూడా పంపాల, అలర్ట్ దాని మీద పెట్టాల, ఇప్పటి టైమ్‌లోంచి ఆ టైమ్ తీసేస్తే ఎంతసేపయిందో వస్తాది. రోజుకు ఒకసారి నడిచే జాబ్‌కు 26 గంటలు దాటితే మోగమని నేను పెడతా, రెండు గంటలు అటూ ఇటూ అయినా పర్వాలేదని.

కాఫ్కా, అంటే మెసేజ్‌లను క్యూలో పెట్టి అందించే సాఫ్ట్‌వేర్, వాడేవాళ్లు ల్యాగ్ చూస్తారు, అంటే ఇంకా చదవకుండా ఎన్ని మెసేజ్‌లు మిగిలినాయని, మంచిదే, కానీ లక్ష మెసేజ్‌ల ల్యాగ్ అంటే భయపడాలా వద్దా? సెకనుకు పదివేలు లాగే కన్జ్యూమర్‌కు, అంటే ఆ మెసేజ్‌లు చదివే ప్రోగ్రామ్‌కు, అది 10 సెకన్ల పని, సెకనుకు 50 లాగేదానికి అర్ధగంట పైనే. అందుకే మెసేజ్‌ల్లో కాదు, టైమ్‌లో లెక్కేసుకోండి.

ఇంకొకటి, లేబుళ్లు, అంటే ప్రొమీథియస్‌లో ప్రతి కొలతకూ మనం తగిలించే గుర్తులు. మా టీమ్‌లో ఒక పిల్లోడు ఉత్సాహంగా కస్టమర్ ఐడీని లేబుల్‌గా పెట్టినాడు. రెండు లక్షల మంది కస్టమర్లు, నాలుగు మెట్లు, అంటే ఎనిమిది లక్షల సిరీస్‌లు, దేని గీత దానికే వేరే, మెమరీ చాలక సాయంత్రానికి ప్రొమీథియసే పడిపోయింది, కాపలాదారుడికే జ్వరం. ఐడీలు లాగ్‌లో పెట్టుకోండి, లేబుల్‌లో మెట్టు పేరు, సోర్స్ పేరు ఇట్లాంటివి చాలు.

అలర్ట్‌ల గురించి ఎక్కువ చెప్పను. రాత్రి రెండింటికి మోగితే లేచి చేయాల్సిన పని ఒకటి ఉండాల, లేకుంటే అది పొద్దున మెయిల్‌లో వస్తే చాలు. ఉత్తుత్తినే మోగేవి నాలుగు రోజులు వస్తే ఐదో రోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటారు, నేనూ పడుకున్నా.

సరే, ఒక మాట దాచిపెట్టినా. ఈ స్క్రీన్ మీద మొదట్నుంచీ పచ్చగా కనపడతాండే జాబ్‌ను మీరు లోపలికి వస్తాంటేనే ఆపేసినా, పైన వరుసల గీత ఏమీ కానట్లే ఉంది చూడండి. కింద వయసు గీత ఎక్కుతాంది, 20 నిమిషాలకు అలర్ట్ పెట్టినా, ఇంకో రెండు నిమిషాల్లో నా ఫోన్ మోగాల. ఈలోపు ఎవరికన్నా డౌట్లుంటే అడగండి.