నవ్వించేవాడి చేతిలో రంపం

అందరికీ నమస్కారం.

పోయిన నెల మన ఫిల్మ్ క్లబ్‌లో 'టెరిఫయర్' అనే అమెరికన్ భయానక సినిమా వేసినప్పుడు హాల్లో 23 మంది ఉన్నారు. రంపం సీను దగ్గర ఐదుగురు లేచి బయటికి వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు కాసేపటికి తిరిగి వచ్చి, తలుపు దగ్గర నిలబడి మిగతా సినిమా చూశారు. కూర్చుంటే ఒప్పుకున్నట్టు అవుతుందనుకున్నారో ఏమో. వెళ్లేటప్పుడు అభిప్రాయం రాసి డబ్బాలో వేయమంటే 19 చీటీలు వచ్చాయి. ఆ చీటీల మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను పురమాయించారు. సినిమాను ఎంపిక చేసింది నేనే కాబట్టి, ఇది గౌరవం కాదు, జరిమానా అని నాకు తెలుసు.

ఆ రోజు రానివాళ్ల కోసం కథ చెప్పాలి. హాలోవీన్ రాత్రి. తారా, డాన్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు తాగిన మైకంలో ఇంటికి బయలుదేరతారు. వీధిలో ఒకడు ఎదురవుతాడు. నలుపు తెలుపు దుస్తులు, సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖం, తలమీద ఒక పక్కకు వాలిన బుల్లి టోపీ, భుజాన నల్లటి చెత్తసంచి. జోకరు వేషం. పేరు ఆర్ట్. తెల్లవారేలోగా వాడు కంటపడిన వాళ్లను చంపుకుంటూ పోతాడు. ఎందుకు చంపుతాడో చెప్పరు. ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పరు. ఎనభై చిల్లర నిమిషాల సినిమాలో వాడు ఒక్క మాట మాట్లాడడు. దెబ్బ తగిలినా అరవడు, నవ్వినా చప్పుడు రాదు.

రచన, దర్శకత్వం, ఎడిటింగ్ అన్నీ డేమియన్ లియోన్ అనే అమెరికన్‌వే. తెగిన తలలు, చీలిన ఒళ్లు తయారుచేసిన మేకప్ పనీ ఆయనదే. ఈ జోకరును ఆయన 2008లో ఒక పొట్టి సినిమాలో మొదటిసారి చూపించారు, 2011లో ఇంకో పొట్టి సినిమా తీశారు, 2013లో ఆ రెంటినీ కలిపి ఒక సంకలన చిత్రంగా విడుదల చేశారు. మనం చూసిన పూర్తి నిడివి సినిమా 2016లో చిత్రోత్సవాల్లో తిరిగి, 2018లో బయటికి వచ్చింది. దీనికైన ఖర్చు 35 వేల నుంచి 55 వేల డాలర్ల మధ్య అంటారు. అప్పటి మారకంలో మన డబ్బు సుమారు 23 నుంచి 37 లక్షలు. మన ఊళ్లో ఓ మోస్తరు పెళ్లి ఖర్చు. అయితే ఈ పెళ్లిలో భోజనాలు లేవు, వడ్డించిందంతా రక్తమే.

ఇక చీటీలు.

ఎనిమిది చీటీల్లో ఒకే ప్రశ్న వేరువేరు మాటల్లో ఉంది. కథ ఏది? ఒకరు ఇంకాస్త మర్యాదగా, 'కథ మరచిపోయి వచ్చినట్టున్నారు, ఇంటికి వెళ్లి తెచ్చుకోమనండి' అని రాశారు. మరో నాలుగు చీటీలు మెచ్చుకున్నాయి. వాటిలో ఒకటి ఇది: 'వీడెవడో చెప్పకపోవడమే భయం. చెప్పి ఉంటే వాడు మామూలు హంతకుడైపోయేవాడు.' ఈ రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తిట్టినాయనా మెచ్చినాయనా వేలుపెట్టి చూపిస్తున్నది ఒక్క చోటునే. ఈ సినిమా విడుదలైనప్పటి నుంచి అమెరికా ప్రేక్షకుల మధ్య నడుస్తున్న తగువు కూడా అచ్చంగా ఇదే. సినిమాలో ఏముందన్న విషయంలో ఎవరికీ తేడా లేదు. ప్రేక్షకుడికి సినిమా ఏం బాకీ ఉందన్న దగ్గరే పేచీ.

నాకు బాగా నచ్చిన చీటీ మాత్రం వేరు. 'పిజ్జా కొట్టు చాలు. మిగతాది తీసేయొచ్చు.' అంతే రాశారు. పేరు లేదు.

ఆ సీను ఒకసారి గుర్తు చేసుకుందాం. అమ్మాయిలిద్దరూ పిజ్జా కొట్టులో కూర్చుని ఉంటారు. ఆర్ట్ లోపలికి వచ్చి, ఎదురు బల్ల దగ్గర కూర్చుని, సంచి పక్కన పెట్టి, తారా వైపు చూడడం మొదలుపెడతాడు. కళ్లు తిప్పడు. ఆమె ఇబ్బందిపడి చూపు తప్పిస్తుంది, మళ్లీ చూస్తుంది. వాడు ఇంకా చూస్తూనే ఉంటాడు. నెమ్మదిగా పెదవులు సాగి నల్లటి పళ్లు బయటపడతాయి. డాన్‌కు ఇదంతా తమాషాగా ఉంటుంది. లేచి వెళ్లి వాడితో సెల్ఫీ దిగుతుంది. వాడు తారాకు ఒక చవక ఉంగరం తీసి వేలికి తొడుగుతాడు. ఆ సీనులో వాళ్లమీద ఒక్క దెబ్బ పడదు, రక్తపు చుక్క లేదు. అయినా ఆ రోజు మన హాల్లో గుసగుసలు పూర్తిగా ఆగిపోయింది అప్పుడే. రంపం దగ్గర కాదు. నేను వెనక వరసలో కూర్చుని గమనించాను.

ఆర్ట్ వేషం వేసింది డేవిడ్ హోవర్డ్ థార్న్‌టన్. అంతకుముందు పొట్టి సినిమాల్లో ఆ వేషం మైక్ జియానెల్లిది. థార్న్‌టన్ మూకాభినయం తెలిసిన నటుడు. సినిమాను దుమ్మెత్తిపోసినవాళ్లు కూడా ఆయన జోలికి పోరు. మన చీటీల్లోనూ అంతే, ఎనిమిది మంది కథ లేదన్నారు గానీ ఒక్కరూ నటుడు బాగాలేడనలేదు. నిజానికి డబ్బు అక్కర్లేని పని అదొక్కటే. భవంతి అద్దెకు డబ్బు కావాలి, లైట్లకు కావాలి, రబ్బరు తలకాయకు కావాలి. ఒక మనిషి కన్నార్పకుండా చూడడానికి ఏం ఖర్చవుతుంది? ఈ సినిమాలో బాగా పండిన చోట్లన్నీ దాదాపు అలా ఖర్చు లేనివే.

జోకరంటే భయం ఎందుకని ఒక చీటీలో అడిగారు. మన దగ్గర ఈ భయం అంతగా లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఎంత బూతులాడినా మన పక్షమే. రావణుడి యుద్ధం మధ్యలో తెర మీదికొచ్చి మనకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తారు. సర్కసులో బఫూన్ కింద పడేదీ మన నవ్వు కోసమే. పాశ్చాత్యుల జోకరుకు మొదటి నుంచీ ఇంకో ముఖం ఉంది. పారిస్‌లో పియెరో అనే తెల్లముఖపు వేషానికి పేరు తెచ్చిన దెబురో 1836లో వీధిలో తనను ఎగతాళి చేసిన కుర్రవాణ్ని చేతికర్రతో కొడితే వాడు చనిపోయాడు. విచారణ జరిగింది, నిర్దోషిగా వదిలేశారు. లండన్ నవ్వులరాజు గ్రిమాల్డి జీవితం ఎంత దుఃఖమయమో, 1838లో డికెన్స్ చేతిమీదుగా వచ్చిన ఆయన జ్ఞాపకాలు చదివితే తెలుస్తుంది. అమెరికాలో జాన్ వేన్ గేసీ జోకరు వేషంతో పిల్లల్ని నవ్వించినవాడే. 33 హత్యలు చేశాడని రుజువై, 1994లో మరణశిక్ష అమలైంది. 1986లో స్టీఫెన్ కింగ్ నవలలో పెన్నీవైజ్ అనే హంతక జోకరు పుట్టాక ఇక జోకరంటే హడలే. 2016లో దక్షిణ కరోలినాలో మొదలై, జోకరు వేషాలవాళ్లు అడవి అంచుల్లో తిరుగుతున్నారన్న పుకార్లు దేశమంతా పాకాయి. మన సినిమా చిత్రోత్సవాలకు వెళ్లింది సరిగ్గా ఆ సంవత్సరమే. కొందరికి కాలం అలా కలిసొస్తుంది.

ఇప్పుడు నాట్యశాస్త్రం కాస్త తీయక తప్పదు. ముందు వరసలో కూర్చున్న తెలుగు మాస్టారు దానికోసమే ఎదురుచూస్తున్నారు. భరతుడు భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరు రసాలుగా లెక్కపెట్టాడు. భయానకానికి స్థాయీభావం, అంటే మూలమైన భావం, భయం; బీభత్సానికి జుగుప్స, అంటే ఏవగింపు. అయితే ఆరో అధ్యాయంలోనే ఇంకో మాట అన్నాడు, బీభత్సం నుంచి భయానకం పుడుతుందని. శృంగారం నుంచి హాస్యం పుట్టినట్టే. ఈ సినిమా తీసినాయన భరతుణ్ని చదివి ఉండరు గానీ, పందెం కాసింది ఆ సూత్రం మీదే. ఏవగింపు పుట్టిస్తే భయం దానంతటదే వస్తుందని. కొందరిలో వచ్చింది. ఎక్కువమందిలో ఏవగింపు ఏవగింపుగానే ఉండిపోయింది. 'భయం వేయలేదు, వాంతి వచ్చింది' అని రాసిన చీటీ ఉంది చూశారా, అలంకారశాస్త్రం చదివినవాళ్లు కూడా అంత సూటిగా చెప్పలేరు. దీనికి తోడు హాస్యానికీ భయానకానికీ పడదని తర్వాతి ఆలంకారికులు చెప్పారు. పడని రెంటినీ ఒకే ముఖం మీద పూయడమే హంతక జోకరు. పిజ్జా కొట్టులో అవి రెండూ కలిసి నిలబడ్డాయి. రంపం దగ్గర హాస్యం పారిపోయింది.

ఆ రంపం సంగతి దాటవేయడానికి లేదు. డాన్‌ను తలకిందులుగా వేలాడదీసి, స్నేహితురాలి కళ్లెదుటే నిలువునా కోస్తాడు. కెమెరా పక్కకు జరగదు. మన ప్రాచీన నాట్యశాస్త్రకారులు వధను రంగం మీద చూపవద్దన్నారు, తెర వెనక జరిగినట్టు ఎవరితోనైనా చెప్పించమన్నారు. ఇక్కడ చెప్పించడం లేదు, అంతా చూపించడమే. ఈ సీను మీద వచ్చిన అభియోగం ఒక్కటే, ఇది ఆడవాళ్ల మీద ద్వేషం అని. మన క్లబ్‌లో వెళ్లిపోయిన ఐదుగురిలో నలుగురు స్త్రీలు. వాళ్లలో ఒకరు చీటీ వెనకవైపు కూడా నింపి రాశారు. మగవాళ్లూ చచ్చారు కదా అని సినిమాను వెనకేసుకొచ్చేవాళ్లు అంటుంటారు. చచ్చారు. నేను రెండోసారి చూసినప్పుడు ఆ ఒక్క విషయం కోసమే చూశాను. మగవాళ్ల చావు దగ్గర కెమెరా అంతసేపు నిలబడదు. చావు సమానమే, చూపు సమానం కాదు. ఆ చీటీ రాసినామెతో నేను ఏకీభవిస్తున్నాను. మేకప్ పనితనం ఎంత గొప్పదైనా, అమెరికన్ భయానక చిత్రాల్లో టామ్ సవీనీ వంటివారు తెచ్చిన చేతిపని సంప్రదాయానికి అది ఎంత నిజాయితీ గల వారసత్వమైనా, ఆ సీను అంత పొడుగు ఉండనక్కర్లేదు.

ఇంత గంభీరమైన ఆక్షేపణ పక్కనే ఇంకో చీటీ ఉంది. కట్లు విప్పుకున్న తారా కర్ర తీసుకుని ఆర్ట్‌ను చావబాదుతుంటే, వాడు తుపాకీ తీసి కాలుస్తాడు. 'తుపాకీ వాడడం అన్యాయం' అని ఒకాయన రాశారు. అంతవరకూ రంపాన్ని నిబ్బరంగా భరించిన పెద్దమనిషి, తుపాకీ దగ్గర ధర్మం తప్పిందన్నారు! నవ్వకండి. ఈ కోవ సినిమాల అభిమానులు ప్రపంచమంతటా ఆ సీను దగ్గర ఉలిక్కిపడ్డారు. ముసుగు వేసుకున్న హంతకుడు కత్తి వాడాలి, గొడ్డలి వాడాలి, తుపాకీ వాడకూడదన్నది రాయని కట్టుబాటు. ప్రేక్షకుడికి కథ ఇవ్వకపోయినా ఆట నియమం ఒకటి ఇచ్చి, దాన్నీ సగంలో లాగేసుకున్నారు. ఈ సినిమాలో నిజంగా రాసుకుని తీసిన ఘట్టం ఏదైనా ఉంటే అదే అని నా అనుమానం.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఆసక్తి. లియోన్ కథ లేదన్న తిట్లను కొట్టిపారేయలేదు. సరైన విమర్శేనని ఒప్పుకుని, రెండో భాగానికి సియెన్నా అనే అమ్మాయిని రాసుకున్నారు. తల్లి, తమ్ముడు, పోయిన తండ్రి, ఆమె తన చేతులతో తయారుచేసుకున్న దేవదూత వేషం, అన్నీ ఇచ్చారు. ఆ పాత్ర లారెన్ లవేరా వేసింది. డబ్బు కోసం జనాన్ని 50 వేల డాలర్లు అడిగితే రెండు లక్షలు దాటి వచ్చాయి.  రెండో భాగం ఖర్చు సుమారు రెండున్నర లక్షల డాలర్లు, నిడివి 138 నిమిషాలు. కథ లేదన్నవాళ్లు ఈసారి పొడుగెక్కువన్నారు. 2022 అక్టోబరులో విడుదలై అమెరికా థియేటర్లలోనే కోటి డాలర్లు దాటింది. ప్రేక్షకులు స్పృహ తప్పుతున్నారని, వాంతులు చేసుకుంటున్నారని వార్తలొచ్చాయి. నిర్మాణ బృందం హెచ్చరిక కూడా ఇచ్చింది. కొన్ని నిజమే అయి ఉంటాయి. అయితే ఇది పాత విద్య. 1958లో విలియం కాజిల్ అనే నిర్మాత, తన సినిమా చూసి భయంతో చచ్చిపోతే వెయ్యి డాలర్లు వస్తాయని ప్రేక్షకులకు బీమా పత్రాలు పంచాడు. స్పృహ తప్పడం కన్నా గొప్ప పోస్టరు ఉంటుందా?

2024 అక్టోబరులో మూడో భాగం వచ్చింది. ఖర్చు 20 లక్షల డాలర్లు. ఫ్రాన్స్‌లో 18 ఏళ్లలోపు వాళ్లను హాల్లోకి రానివ్వలేదు. అమెరికాలో మొదటి వారాంతం వసూళ్లలో ఒకటో స్థానం దానిదే. ఆ వారం దానికి కిందపడినవాటిలో ఇంకో జోకరు ఉన్నాడు, దాదాపు 20 కోట్ల డాలర్లు పెట్టి, పెద్ద తారలతో పాటలు పాడించిన 'జోకర్' సినిమా రెండో భాగంలోని జోకరు. ప్రపంచం మొత్తం మీద ఈ చెత్తసంచి జోకరు తెచ్చింది తొమ్మిది కోట్ల డాలర్ల దగ్గర. లెక్క చూసి సినిమా మంచిదైపోయిందని నేననను. కథ ఏదని అడిగిన ఆ ఎనిమిది మంది మాటను దర్శకుడు విన్నాడని మాత్రం అంటాను.

రెండో భాగంలో ఒక సీనుంది. వేషాల దుకాణంలో ఆర్ట్ ఒక్కొక్క జత రంగు కళ్లద్దాలు పెట్టుకుంటూ, సియెన్నా వైపు తిరిగి ఎలా ఉన్నానన్నట్టు చూస్తాడు. ఇక్కడా రక్తం లేదు. పిజ్జా కొట్టు చీటీ రాసినవారు ఎవరో గానీ, వారు అది చూడాలి.

వచ్చే నెల రెండో ఆదివారం ఆ సినిమా వేద్దామని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. పెద్దవాళ్లకు మాత్రమే. రాదలచుకున్నవాళ్లు గుమ్మం దగ్గరి పుస్తకంలో పేరు రాసి వెళ్లండి. పోయినసారి విరామంలో మిర్చి బజ్జీలు తెప్పించి, మధ్యలో ఎర్ర పచ్చడి పెట్టి, 23 పళ్లేల్లో 20 వెనక్కి పంపించాం. ఈసారి టీ మాత్రమే.