స్లాబు పెచ్చులూడుతోందా? సిమెంటు పూసే ముందు ఇది చూడండి

(తెర మీద: పడకగది పైకప్పు. పెచ్చు ఊడి, ఎర్రగా తుప్పు పట్టిన ఊచ)

నమస్కారమండీ. మన కోనసీమ తీరాన అంతర్వేది, మలికిపురం, ఓడలరేవు వైపు ఏ వీధికెళ్లినా ఇలాంటి స్లాబు ఒకటైనా కనబడుద్ది. మేస్త్రిని పిలిస్తే ఏమంటాడు? "ఏం పర్లేదండీ, ఒక బస్తా సిమెంటు తెప్పించండి, సాయంత్రానికి మూసేద్దాం." మూసేస్తాడు కూడా. రెండు మూడు వర్షాకాలాలు పోయాక దాని పక్కనే ఇంకో పెచ్చు ఊడుద్ది.

(యానిమేషన్: కాంక్రీటు మధ్యలో ఊచ)

కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. అందుకే లోపలి ఊచ మీద కంటికి కనబడని పొర ఒకటి ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు తూట్లు పొడుస్తుంది. తుప్పుకు అసలు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు కావాలి. లోపల చోటు లేదు, కాబట్టి కాంక్రీటును బయటికి తోస్తుంది. ఊచ వెంబడి తిన్నగా పగులు సాగిందంటే అనుమానించాల్సింది దీన్నే.

మరి ఉప్పు ఎక్కడిది? అందరూ సముద్రపు గాలినే తిడతారు. గాలి పాత్ర ఉంది, కాదనను. కానీ చాలా ఇళ్లకు ఉప్పును మనమే కలిపి పోశాం. మన డెల్టాలో ఇల్లు కట్టేది ఎండాకాలంలో, కాలువలు కట్టేసేదీ అప్పుడే. ఇక మిగిలింది బోరు. కలపడానికీ అవే నీళ్లు, పోశాక తడిపే క్యూరింగుకీ అవే. ఊచలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. సముద్రపు నీటిలో అది 19,000 దాకా ఉంటుంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలిన నీళ్లను పరీక్ష చేయించకుండా వాడొద్దు.

(తెర మీద: సుత్తితో స్లాబును తడుతున్న చెయ్యి)

ఇప్పుడు రిపేరు. ముందు స్లాబుకు ఊతంగా కింద జాకీలో సర్వి బాదులో నిలబెట్టండి. సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి కాంక్రీటు ఖణేల్‌మంటుంది, ఊడబోయేది డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిందంతా కొట్టేయాలి. ఊచ కనబడింది కదా అని ఆగొద్దు, దాని వెనక కూడా వేలు దూరేంత ఖాళీ రావాలి. పొడుగునా తుప్పు లేని ఊచ తగిలేదాకా చెక్కుతూనే పోవాలి.

అదెందుకంటే, అసలు కిటుకు ఇక్కడుంది. ఉప్పు లేని కొత్త మాలు, ఉప్పు నిండిన పాత కాంక్రీటు ఒకే ఊచ మీద పక్కపక్కన కూర్చుంటే, పాత భాగంలోని ఊచ ఇంకా వేగంగా తుప్పు పడుతుంది. అతుకు చుట్టూ మళ్లీ ఊడేది ఇందుకే. పాపం, మేస్త్రి పనితనంలో లోపం కాదది.

ఊచను చుట్టూతా మెరిసేదాకా రుద్ది, జింకు ప్రైమరు వేసి, పాతదానికి కొత్తది అంటుకునే బాండింగు పూత పూసి, పాలిమరు కలిపిన మోర్టారు పొరలు పొరలుగా పెట్టాలి. తడపడానికి మంచినీళ్లే. ఊచ బాగా సన్నబడితే ఇంజనీరుకు చూపించి పక్కన కొత్తది కట్టించాలి. స్లాబంతా ఉప్పెక్కి ఉంటే మాత్రం ఈ అతుకులకు డబ్బు దండగ, తీసేసి కొత్తది పోయించడమే నయం.

ఇటుక గోడ అడుగున తెల్లగా ఉప్పు ఊరుతోందా? దాని మీద చిక్కటి సిమెంటు ప్లాస్టరు కొడితే చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. సున్నం ప్లాస్టరైతే ఆరనిస్తుంది.

(తెర మీద: సెంట్రింగు మీద ఊచలు, వాటి కింద కవర్ బిళ్లలు)

కొత్తగా కట్టేవాళ్లకు ఒక్క మాట. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఊచకు 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచకీ బయటి అంచుకీ మధ్య అంత మందం కాంక్రీటు, కావాలి. ఊచ కింద కంకర ముక్క పెడితే కుదరదు, ఆ మందం బిళ్లలే పోయించండి. కాంక్రీటు మొదలుపెట్టక ముందే సెంట్రింగెక్కి టేపు పెట్టి చూసుకోండి.